పొత్తు భోజనం

ఇద్దరు మనుష్యుల ముందు రెండు కంచాలు ఉన్నవి. రెండింటిలోను అన్నం ఒకే కొలత. కూర ఒకే కుండలోనిది. మొదటివాడు ఆ కంచాన్ని తన ఇంటివారు తనకు తీసిపెట్టిన పాలుగా అందుకొన్నాడు. రెండవవాడు ఆకలిగొన్నవారి పట్టికలో తన పేరు ఉన్నందువల్ల అందుకొన్నాడు. దేహానికి ఈ రెండు కంచాల మధ్య భేదం లేదు. మనస్సుకు ఉన్నదా? ఉన్నట్లయితే ఆ భేదం కేవలం అభిమానానికి సంబంధించినదా, లేక ధర్మానికి సంబంధించినదా? తినడానికి లేనివాని ఎదుట ఈ ప్రశ్న వేయడం క్రూరంగా కనిపించవచ్చును. కాని ఆకలి తీరిన మరునాడు ఆ మనిషే ఈ ప్రశ్నను తనకు తాను వేసికొంటాడు. నికోబారు దీవులలో ఒక జనసముదాయం 2004వ సంవత్సరం తరువాత దీనిని వేసికొనవలసివచ్చినది.

అండమాను దీవులకు దక్షిణాన, పది డిగ్రీల జలసంధికి ఆవల ఉన్న ద్వీపమాలిక నికోబారు. 2011 జనగణన ప్రకారం ఆ జిల్లా జనసంఖ్య 36,842. ఈ మాలికకు ఉత్తరపు కొసన ఉన్న కార్ నికోబారు సముద్రమట్టానికి కొంచెమే ఎత్తున పరచుకొన్న పగడపు నేల. కొబ్బరి, మొగలిజాతికి చెందిన ఒక పెద్ద పండు, దుంపలు, చేపలు, కోళ్ళు, పందులు అక్కడివారి సంప్రదాయసిద్ధమైన సంపద. ఈ సంపదకు యజమాని వ్యక్తి కాడు. తుహెట్ అని పిలువబడే ఉమ్మడి కుటుంబం యజమాని. భూమి తుహెట్టుది, తోట తుహెట్టుది, పంది తుహెట్టుది. నా చెట్టు, నా పంది అనేవాడు ఆ సమాజంలో అన్యాయం చేసినవాడు కాకపోయినా అపరిచితమైన భాష మాట్లాడినవాడు అవుతాడు.

ఆ పందిని గురించి కొంత చెప్పవలెను. తెలుగు పాఠకునికి ఈ జంతువు పేరు వినగానే ఊరి మురుగుకాలువలు జ్ఞాపకం వచ్చి మనస్సు ముడుచుకొంటుంది. ఆ ఏవగింపు జంతువును చూచి కలిగినదా, దానిని పెంచిన పేదవారిని చూచి కలిగినదా అన్నది ఎవరికి వారు విచారించుకోదగిన విషయం. నికోబారు పంది కొబ్బరి తిని పెరిగిన జంతువు. అది పగలంతా తోటలలో తిరిగి, పొద్దు వాలేవేళకు కొబ్బరి పగులగొట్టే చప్పుడు విని ఇంటికి వస్తుంది. దానిని మామూలు దినాలలో కోయరు. పండుగకు, అతిథికి, మరణించినవారి స్మరణకు కోస్తారు. కుటుంబపు పెద్ద గతించిన కొన్ని ఏండ్లకు అస్థికలను వెలికి తీసి గౌరవించే పూర్వాచారాన్ని ఎడ్వర్డ్ హొరేస్ మాన్, జార్జి వైట్‌హెడ్ వంటివారు తమ గ్రంథాలలో వర్ణించినారు. ఆ వేడుకకు ఏండ్ల తరబడి సన్నాహం జరుగుతుంది. ఇతర గ్రామాలవారు అతిథులుగా వస్తారు. పెద్ద కుండలలో మాంసం ఉడుకుతుంది. సంబారాల ఆర్భాటం ఉండదు. తరువాతి కాలంలో నికోబారులలో అత్యధికులు క్రైస్తవులైనారు. వారికి బిషప్పుగాను, 1952లో ఏర్పడిన మొదటి లోకసభలో ఆ దీవుల తరఫున నియుక్త సభ్యుడుగాను ఉన్న జాన్ రిచర్డ్‌సన్ కార్ నికోబారువాడే. మతం మారినప్పటికీ పండుగనాటి కుండ మారలేదు. క్రిస్మసునాడు కూడా తుహెట్టు ఒక్కచోటనే తిన్నది.

ఈ ఆచారంలో ధర్మసూత్రం ఏమిటి? పంది చనిపోయిన పెద్దది, అనగా ఎవరిదీ కాదు, కనుక అందరిదీ. బ్రదికి ఉన్నవాడు తన పాలును మరొక బ్రదికి ఉన్నవాని దయవల్ల కాక, గతించినవాని హక్కువల్ల పొందుతున్నాడు. అందుచేత తినేవాడు ఎవరికీ తల వంచనక్కరలేదు.

ఈ సూత్రం నికోబారుకు మాత్రమే పరిమితమైనది కాదు. దాదాపు ఇదే భావం, ఇదే జంతువు మాంసంతో, చీనాదేశపు దక్షిణతీరంలో కాంటనీయుల నడుమ కనిపిస్తుంది. చీనా లిపిలో ఇల్లు అనే అర్థమిచ్చే అక్షరాన్ని విడదీసి చూచినట్లయితే పైన ఇంటికప్పు, దాని క్రింద పంది ఉంటవి. ఆ కప్పు క్రింద కాంటను గృహిణి పంది మాంసాన్ని వండే పద్ధతి దీర్ఘమైనది. చర్మంతో కూడిన కడుపుభాగపు మాంసాన్ని మొదట ఉడుకునీటిలో వేసి తీసి, ముక్కలు చేసి, మూకుడులో ఎర్రబడేదాకా వేయిస్తుంది. అల్లం, వెల్లుల్లి, అనాసపువ్వు, దాల్చినచెక్క, కలకండ, బియ్యపు మద్యం చేరుస్తుంది. వీటన్నిటికీ ప్రాణం ఒక ఊరబెట్టిన వస్తువు: సోయా పాలను విరిచి గడ్డకట్టించి, ఎర్రబియ్యపు పులిపిడితో జాడీలో మాగబెట్టిన ముద్దలు. వానిని మెదిపి కలిపి, మాంసం మునిగేటంత నీరు పోసి, మూతపెట్టి మంట తగ్గిస్తుంది. తరువాత ఆమె చేయవలసినది వేచి ఉండడమే. గంటన్నర, రెండు గంటలు గడిచినమీదట క్రొవ్వు కరిగి, చర్మం జిగురై, రసం చిక్కబడుతుంది. ఆనాటికంటె మరునాడు మరింత రుచి అంటారు.

ఇంట్లో చిన్న కుండలో జరిగే ఈ పనినే హాంకాంగ్‌లోని న్యూ టెరిటరీస్ పల్లెలలో పెళ్ళికి, వంశాలయపు ఉత్సవానికి పెద్ద మూకుళ్ళలో, కట్టెల మంటమీద చేస్తారు. అడుగున ముల్లంగి, సోయా మీగడపొరలు పరచిన పెద్ద పళ్ళెంలో ఈ మాంసాన్ని, మరికొన్ని పదార్థాలను పేర్చి, ఒక్కొక్క పళ్ళెం చుట్టు కొందరిని కూర్చుండబెడతారు. దీనికి పూన్ చోయ్ అని పేరు. మానవశాస్త్రజ్ఞుడు జేమ్స్ వాట్సన్ 1987లో ప్రచురించిన వ్యాసంలో ఈ విందును గురించి చెప్పిన విశేషం గమనింపదగినది. చీనావారి ఇతర విందులలో పీటల వరుసకు, వడ్డన వరుసకు ఉండే మర్యాదాక్రమం ఇక్కడ లేదు. వచ్చినవాడు ఖాళీ ఉన్న చోట కూర్చుంటాడు. ధనికుడు, అతని కౌలుదారు ఒకే పళ్ళెంలో చేయి పెడతారు. ఎవరికీ వేరు గిన్నె లేదు, మొదటి ముక్క ఎవరిదన్న తగవు లేదు.

ఇంతవరకు ఇది శోభాయమానమైన చిత్రం. కాని ఒక కుండను స్తుతించేవాడు ఆ కుండ చుట్టు ఎవరు లేరో కూడా చూడవలెను. అదే కాంటను పల్లెలలో పూర్వీకుల సమాధులవద్ద పూజ ముగిసిన తరువాత పంది మాంసాన్ని వంశీయులకు పంచుతారు. ముత్తాత మాంసం పంచినట్లు అన్న పలుకుబడి అక్కడ పుట్టినది. ప్రతివానికి ఒక పాలు తప్పదని దాని భావం. ఐతే ఆ ప్రతివాడు పురుషుడు. మగబిడ్డ పుట్టగానే వానికి పాలు ఏర్పడుతుంది. ఆ మాంసాన్ని ఇంట్లో ఓపికతో ఉడికించే తల్లికి, కోడలికి, కుమార్తెకు వంశపు లెక్కలో పాలు లేదు. వారు తినేది భర్త పాలులోనో, తండ్రి పాలులోనో. ముత్తాత దృష్టిలో సమానులైనవారందరు తమ ఇంటి స్త్రీల దృష్టిలో సమానత్వాన్ని అనుభవిస్తున్నవారే కాని ఆచరిస్తున్నవారు కారు.

తెలుగుదేశపు పంక్తిలోను ఈ లోపం ఉన్నది. పంక్తిలో కూర్చున్నవారిలో ఒకరికి నేయి ఎక్కువ, ఒకరికి తక్కువ వడ్డించడం పంక్తిభేదం, దానిని పాపమన్నారు. ఐతే ఆ పంక్తిలో ఎవరు కూర్చుండవచ్చునన్న నిర్ణయంలో ఉన్న భేదాన్ని అనేక శతాబ్దులు ఎవరూ పాపమనలేదు. విస్తరిముందు సమత, వాకిటిముందు అసమత. వడ్డన పూర్తయ్యేదాకా వాకిట నిలిచి, మిగిలినది అందుకొని పోయినవానికి ఆ అన్నం పాలు కాదు. అది మిగులు మాత్రమే. కలిసి తినడంలో ఉన్న మాధుర్యమంతా లోపల ఉన్నవారు చెప్పినదే. వెలుపల ఉన్నవాని సాక్ష్యం లేకుండ ఈ విషయంలో తీర్పు చెప్పరాదు.

ఇప్పుడు 2004వ సంవత్సరానికి రావలెను. ఆ ఏడు డిసెంబరు 26న సుమాత్రా తీరానికి దగ్గరగా సముద్రగర్భంలో పుట్టిన భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ అలలు నికోబారు దీవులను తుడిచివేసినవి. తీరపు గ్రామాలు పోయినవి. వేలకొలది మనుష్యులు పోయినారు. కొబ్బరితోటలు ఉప్పునీట మునిగినవి, పందులు కొట్టుకొనిపోయినవి. ట్రింకెట్ దీవి ముక్కలైనది. మిగిలినవారు లోతట్టుకు తరలి, రేకుల కప్పులుగల తాత్కాలిక నివాసాలలో ఉన్నారు. దేశం వారిని మరచిపోలేదు. బియ్యం, పప్పు, నూనె, బట్టలు, నగదు ఓడలమీద వచ్చినవి. ఆ దీవుల చరిత్రలో అంత వస్తుసంపద అంత తక్కువ కాలంలో ఎన్నడూ దిగలేదు.

ఆ సహాయాన్ని పంచిన పద్ధతి సరళమైనది. భర్త, భార్య, పిల్లలు ఒక కుటుంబం. ఒక్కొక్క కుటుంబానికి ఒక పేరు, ఒక సంతకం, ఒక ఇల్లు. నష్టపరిహారం వ్యక్తుల పేరిట వచ్చినది. తుహెట్టు అనే కుటుంబానికి ఆ పట్టికలో గడి లేదు. తమకు పనిముట్లు ఇప్పిస్తే చాలును, ఇళ్ళు తామే కట్టుకొంటామని నికోబారు పెద్దలు కొందరు అడిగినారు. కాని సహాయం ఎక్కువగా సిద్ధవస్తువుల రూపంలోనే వచ్చినది. క్రమంగా ఒక పొయ్యి ఉన్నచోట అనేక పొయ్యిలు వెలిసినవి. తెలుగుపల్లెలో అన్నదమ్ములు విడిపోయినప్పుడు కుండలు వేరైనవని అంటారు. నికోబారులో అన్నదమ్ములు కలహించలేదు. అయినా కుండలు వేరైనవి.

అధికారులు తప్పు చేసినారా? న్యాయంగా ఆలోచించినట్లయితే వారి పక్షాన బలమైన వాదం ఉన్నది. కుటుంబపు పెద్ద చేతికి అంతా అప్పగించినట్లయితే చిన్నవారికి అందుతుందన్న పూచీ ఏది? దిక్కులేని వితంతువు, తల్లిదండ్రులను కోల్పోయిన బాలుడు, పెద్దకు కిట్టని యువకుడు – వీరికి పట్టిక ఒక్కటే శరణ్యం. పట్టికకు కులం లేదు, కోపం లేదు, బంధుప్రీతి లేదు. ముత్తాత మాంసంలో పాలు లేని కాంటను కుమార్తెకు, పంక్తి వెలుపల నిలిచిన తెలుగువానికి పట్టిక దైవసమానమైన వస్తువు. రక్తసంబంధాన్ని అడగకుండ అన్నం పెట్టే వ్యవస్థ మానవజాతి ఎంతో శ్రమించి నిర్మించుకొన్నది. దానిని ఉమ్మడికుటుంబపు జ్ఞాపకాలతో తూలనాడడం బాధ్యతగల పని కాదు.

అయినప్పటికీ ఏదో పోయినది. పోయినదేమిటో స్పష్టంగా చెప్పడమే ఈ విచారణలో కష్టమైన భాగం. రుచి పోయినదనడం చాలదు. ఆకలిగొన్నవానికి రుచి తరువాతి సంగతి. ప్రేమ పోయినదనడం నిజం కాదు. విపత్తులో ఒకరినొకరు కాపాడుకొన్నవారిలో ప్రేమకు కొరత లేదు. పోయినది మరొకటి. దానిని గ్రహించడానికి కాంటను గృహిణి పొయ్యివద్దకు మరల పోవలెను. ఆమె వండిన మాంసంలో మాంసం ఒక్కటే లేదు. జాడీలో ముద్దలు మాగిన నెలలు ఉన్నవి, మంట తగ్గించి కూర్చున్న గంటలు ఉన్నవి. నికోబారు పందిలో కొన్ని ఏండ్ల సాయంకాలాలు ఉన్నవి. ఆ సాయంకాలాలలో తుహెట్టులోని ముసలివారు, పిల్లలు పగులగొట్టిన కొబ్బరికాయలు ఉన్నవి. పండుగనాడు అందిన ముక్కను పాలు అనడానికి కారణం అది కుండలో ఒక భాగం కావడం కాదు. తినేవాడు అంతకు పూర్వమే ఆ కుండలో ఏదో వేసినాడు. లేదా రేపు వేస్తాడని అందరూ నమ్ముతున్నారు. పాలు అంటే పుచ్చుకొనే హక్కు మాత్రమే కాదు, పెట్టగలిగిన స్థితి కూడా.

ఉపశమనానికి వచ్చిన బియ్యపు బస్తా మనిషికి పుచ్చుకొనే హక్కును పూర్తిగా ఇచ్చినది. పెట్టగలిగిన స్థితిని ఇవ్వలేదు. ఇంట్లోని ముసలివాడు నిన్నటిదాకా పండుగ ఎప్పుడో నిర్ణయించినవాడు. నేడు వరుసలో నిలిచి సంతకం పెట్టినవాడు. అతని కంచంలో కొరత లేదు. అతిథి వస్తే పెట్టడానికి తనదంటూ ఏమీ లేదు. అవమానం చేసినవాడు ఎవడూ లేకుండ కలిగిన అవమానం ఇది. అందుచేతనే దీనిని గూర్చి ఫిర్యాదు చేయడానికి ఏ కార్యాలయమూ లేదు.

ఆహారాన్ని మనిషి సంబంధంనుండి వేరుచేసి ఇవ్వడం సాధ్యమా అన్న ప్రశ్నకు అండమానులోనే మరొక ఉదాహరణ ఉన్నది. 1974లో ఉత్తర సెంటినెల్ దీవి ఒడ్డున ఒక బృందం కొన్ని కానుకలను విడిచినది. వాటిలో కొబ్బరికాయలు, అల్యూమినియం పాత్రలు, ఒక బొమ్మ, కట్టివేసిన ఒక సజీవమైన పంది ఉన్నవి. ఆ దీవివారు కొబ్బరికాయలను, పాత్రలను తీసికొన్నారు. పందిని ఈటెలతో పొడిచి, తినకుండ పాతిపెట్టినారు. బొమ్మను కూడా పాతిపెట్టినారు. వారి మనస్సులో ఏమున్నదో చెప్పే అధికారం ఎవరికీ లేదు. వేటలో పందిని చంపి తినే జనం ఈ పందిని తినలేదన్న ఒక్క సంగతి మాత్రం నిశ్చయం. మాంసం అన్నంతమాత్రాన భోజనం కాదని వారు మాటలు లేకుండ చెప్పినట్లు తోచవచ్చును. తోచినదానిని ఋజువుగా తీసికొనరాదు.

ఐతే పట్టికకు, పంక్తికి మధ్య మూడవదారి లేదా? ఉన్నదని చెప్పడానికి తెలుగుదేశంలోనే ఒక జీవితం సాక్ష్యం. గోదావరి లంకలలోని గన్నవరంలో డొక్కా సీతమ్మ 1909లో మరణించేవరకు తన ఇంటికి వచ్చిన ఆకలిగొన్నవారికి వేళ, కులం చూడకుండ అన్నం పెట్టినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకానికి ఆమె పేరు పెట్టినది. ఆమెవద్ద పట్టిక లేదు. వచ్చినవానిని వంశం అడగలేదు. కనుక ఆమె ఇల్లు తుహెట్టు కాదు, కార్యాలయమూ కాదు. తిన్నవాడు ఆ పూటకు ఆ ఇంటివాడైనాడు. ఈ గొప్పతనాన్ని అంగీకరించిన తరువాత కూడా ఒక సంగతి మిగులుతుంది: సీతమ్మ పెట్టినది, వచ్చినవాడు తిన్నాడు. అతడు ఆమెకు ఎన్నడూ పెట్టలేదు. మహాదాత ఇంటిలో కూడా ఒక చేయి ఎల్లప్పుడు పైన ఉంటుంది. దాతకు అహంకారం లేకపోవడం ఆమె సద్గుణం. పుచ్చుకొనేవానికి పెట్టే అవకాశం లేకపోవడం అతని లోటు. మొదటిది రెండవదానిని తగ్గిస్తుంది కాని తీర్చదు.

తెలుగులో పొత్తు అన్న మాటకు స్నేహమన్న అర్థం ఉన్నది, కలిసి భుజించడమన్న అర్థమూ ఉన్నది. ఉమ్మడి వ్యాపారానికి, ఉమ్మడి సేద్యానికి కూడా ఆ మాటనే వాడతారు. భాష ఈ అర్థాలను ఊరకే కలపలేదు. కలిసి తినేవారు కలిసి పెట్టుబడి పెట్టినవారని, లాభంతోపాటు నష్టంలోను పాలుగలవారని ఆ మాట చెబుతున్నది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుండి అండమానుకు వెళ్ళి స్థిరపడిన తెలుగు మత్స్యకారులకు ఈ అర్థాన్ని వివరించనక్కరలేదు. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయిరులో పడవను నీటిలోనికి దింపే మనుష్యులు చేపలను పాళ్ళు వేసి పంచుకొంటారు. పడవది ఒక పాలు, వలది ఒక పాలు, మనిషిది ఒక పాలు. వలకు పాలు ఎందుకని ఎవరూ అడగరు. ఏలనన, రేపటి వేటకు వల కావలెను.

ఈ లెక్కలో ఒక నీతి ఉన్నది. విపత్తులో ఉన్నవానికి మొదట అన్నం పెట్టవలెను. ఈ విషయంలో వాదానికి చోటు లేదు. ఆ అన్నాన్ని పట్టిక ప్రకారం, ఒక్కరినీ విడువకుండ, ఆడ మగ భేదం లేకుండ పెట్టవలెను. ఇందులోను సందేహం లేదు. కాని అక్కడితో ధర్మం ముగిసినదనుకొన్న సమాజం మనిషికి అతని పాలు ఇచ్చి వలకు పాలు ఇవ్వని సమాజం. పనిముట్లు, పడవలు, కొబ్బరిమొక్కలు, పందిపిల్లలు – ఇవి కంచంలో వడ్డించే వస్తువులు కావు. వీటిని పుచ్చుకొన్నవాడు కొన్ని ఏండ్ల తరువాత పెట్టేవాడు అవుతాడు. వీటిని ఎవరి పేరిట ఇవ్వవలెనన్న ప్రశ్నకు జవాబు ఇచ్చేవానివద్ద ఉండదు, పుచ్చుకొనేవారివద్ద ఉంటుంది. తుహెట్టును నిలుపుకొంటారా, వేరు పొయ్యిలనే కోరుకొంటారా అన్నది వారు తేల్చుకోవలసినదే. పట్టం పొందిన యువకుడు వేరు పొయ్యిని కోరవచ్చును. అతని తల్లి కోరకపోవచ్చును. వారిని అడగకపోవడం ఒక్కటే క్షమింపరాని విషయం.

అలలు వచ్చిన మరుసటి సంవత్సరాలలో నికోబారులో కొబ్బరిమొక్కలను తిరిగి నాటినారు. నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేండ్లు పడుతుంది. దాని కాయ తిని పంది పెరగడానికి మరికొంత కాలం కావలెను. ఆ పంది పండుగకు వచ్చేనాటికి మొక్క నాటిన ముసలివాడు జీవించి ఉంటాడో లేదో చెప్పలేము. లేనిచో ఆ పండుగే అతని పేరిట జరగవచ్చును. రేకుల ఇంటి ముందు వంగి మొక్కకు మన్ను ఎగదోసేవేళ, ఆనాటి కుండ చుట్టు ఎవరెవరు కూర్చుంటారో అతడు తన మనస్సులో ఒక్కొక్కరినే లెక్క పెట్టుకొని ఉంటాడు.